పడుకున్న గదిలో మోగాలి

హైదరాబాద్ పాతబస్తీలో గుల్జార్‌హౌజ్ దగ్గర 2025 మే 18, ఆదివారం పొద్దున్నే 17 మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది చిన్నపిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం. మంట కింద పుట్టింది, పొగ పైకెక్కింది. దిగడానికి ఉన్నది ఇరుకైన మెట్ల దారి ఒక్కటే. ఎక్కువ మంది ప్రాణం తీసింది పొగే.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లోనూ ఇదే జరిగింది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. స్కూటర్ల దగ్గర లేచిన పొగ మెట్ల మీదుగా పై అంతస్తులు నింపేసి ఎనిమిది మందిని బలి తీసుకుంది. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన ఫ్లాట్లు. అక్కడ కనీసం తొమ్మిది మంది పోయారు. మూడు చోట్లా ప్రమాదం మొదలైంది ఒకచోట, మనుషులు పోయింది ఇంకోచోట.

ఇలాంటిది జరిగిన ప్రతిసారీ షార్ట్ సర్క్యూటా, అనుమతులు ఉన్నాయా, ఫైరింజన్ ఎంత సేపటికి వచ్చింది అని అడుగుతాం. అడగాల్సిందే. కానీ వీటన్నిటికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది. కింద నిప్పు రాజుకున్న సంగతి పైనున్న వాళ్లకు ఎప్పుడు తెలిసింది? మన ఊళ్లలో దాదాపు ప్రతి ఇంటికీ దీనికి జవాబు ఒకటే: పొగ గదిలోకి వచ్చాక. అప్పటికి మెట్లు పొగతో నిండిపోయి ఉంటాయి. ఆ జవాబును మార్చడం ఇవాళ మన చేతిలో ఉన్న పని. అందుకే ఈ వారం వైర్‌లెస్ స్మోక్ డిటెక్టర్ల గురించి, హీట్ డిటెక్టర్ల గురించి రాస్తున్నాను.

పొగ వాసన వస్తే మెలకువ రాదా అని చాలామందికి ధీమా. రాదు. గాఢనిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని నమ్మడానికి లేదు. మంటలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కైతే రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఫోం పరుపులు, సోఫాలు కాలితే హైడ్రోజన్ సయనైడ్ కూడా పుడుతుంది. ఈ రెండూ కొంత లోపలికి పోయాక మెలకువ వచ్చినా తలుపు దాకా నడిచే శక్తి ఉండదు. దూది పరుపులు, కొయ్య మంచాలు ఉన్న ఇంట్లో మంట పాకడానికి పట్టే సమయం వేరు. ప్లాస్టిక్, రెక్సిన్, ఫోం నిండిన ఇవాళ్టి గదిలో ఆ గడువు కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు నిద్రలో గడిచిపోకూడదు.

సాధారణంగా ఇంటికి వాడే స్మోక్ డిటెక్టర్ లోపల ఒక చీకటి గది ఉంటుంది. అందులో సన్నటి కాంతి కిరణం ఒక పక్కకు పోతూ ఉంటుంది. పొగ రేణువులు లోపలికి రాగానే ఆ కాంతి చెదిరి, పక్కన ఉన్న సెన్సర్ మీద పడుతుంది. వెంటనే అలారం మోగుతుంది. హీట్ డిటెక్టర్ పొగను పట్టించుకోదు. చుట్టూ ఉన్న గాలి నిర్ణయించిన వేడికి, చాలా రకాల్లో 57 డిగ్రీల దగ్గరికి, చేరితేనే మోగుతుంది. మరికొన్ని వేడి ఎంత వేగంగా పెరుగుతోందో కూడా చూస్తాయి. స్మోక్ డిటెక్టర్ ముందే పసిగడుతుంది, హీట్ డిటెక్టర్ ఆలస్యంగా మేలుకుంటుంది. కాబట్టి పడగ్గదికీ, హాలుకూ, మెట్లకూ పొగను పట్టేదే కావాలి. పోపు పెట్టగానే ఘాటు కమ్ముకునే వంటింటికి వేడిని పట్టేది కావాలి. అందులోనూ నిర్ణీత వేడికి మోగే రకమే అక్కడ మేలు.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లుండి వచ్చిన తల్లిదండ్రులకు ఈ అలారం బాగా తెలుసు. అక్కడ తాలింపు వేయగానే మోగితే విసుక్కున్నవాళ్లే ఎక్కువ. దాని విలువ ఆ దేశపు లెక్కల్లో కనిపిస్తుంది. ఇళ్లలో మంటలకు చనిపోతున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ముగ్గురు అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా అది పనిచేయని ఇళ్లలోనో ఉన్నవాళ్లేనని అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ చెబుతోంది. ఉన్నా పనిచేయని ఇళ్లు అన్న మాట దగ్గర మనం ఆగాలి. గోడకు తగిలించి మరిచిపోయిన డిటెక్టర్ లేనిదానితో సమానం.

ఇక వైర్‌లెస్ ఎందుకంటారా? కింద షాపులో ఒక్క డిటెక్టర్ పెట్టాం అనుకోండి. అర్ధరాత్రి అది మోగింది. షట్టర్ వేసి ఉంది. రెండో అంతస్తులో ఏసీ వేసుకుని, తలుపు బిగించుకుని పడుకున్నవాళ్లకు అది ఎలా వినపడుతుంది? మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెళ్లుండే ఆ మోత ఒక స్లాబు, రెండు తలుపులు దాటేసరికి నిద్ర లేపే శక్తి కోల్పోతుంది. మంట పుట్టిన చోట పసిగట్టాలి, మనిషి పడుకున్న చోట మోగాలి. అందుకు డిటెక్టర్లన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలి. ఒకటి పసిగడితే అన్నీ మోగాలి.

ఈ ముడి వైర్లతో వేయాలంటే గోడలు చెక్కాలి, పైపులు దింపాలి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలి. పాత ఇంట్లో అది పెద్ద తలనొప్పి, అద్దె ఇంట్లో అసలు కుదరని పని. వైర్‌లెస్ రకంలో ప్రతి డిటెక్టర్‌లోనూ చిన్న రేడియో ఉంటుంది. కింద ఉన్నది సంకేతం పంపితే పైనున్నవన్నీ అందుకుని మోగుతాయి. ఒక డ్రిల్లింగ్ మిషను, గదికి రెండు స్క్రూలు, ఒక పూట సమయం చాలు. ఇల్లు మారితే విప్పి వెంట తీసుకుపోవచ్చు. పాత ఇల్లు కదా, అద్దె ఇల్లు కదా అన్న సాకులు ఇక చెల్లవు.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడాలి. మొదటిది, రేడియో తరంగాలు ఒక్కో దేశంలో ఒక్కోలా కేటాయిస్తారు. మన దేశంలో ఇలాంటి చిన్న పరికరాలు లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య ఒక పట్టీ ఉంది. అమెరికాలో చాలావాటికి 915 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల వాడతారు. కాబట్టి పిల్లలు సూట్‌కేసులో పెట్టి తెచ్చిన అలారాలు ఇక్కడి నిబంధనలకు సరిపోవాలని లేదు. రెండోది, కేవలం వైఫై మీద ఆధారపడి ఫోనుకు మెసేజ్ పంపే రకాన్నే నమ్ముకోవద్దు. షార్ట్ సర్క్యూట్ అయితే ముందు కరెంటు పోతుంది, దాంతో రౌటరూ ఆగిపోతుంది. కరెంటుతో, ఇంటర్నెట్‌తో పనిలేకుండా బ్యాటరీ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి కావాలి. అన్నీ ఒకే కంపెనీవి, కలిసి పనిచేస్తాయని రాసి ఉన్నవి తీసుకోవాలి.

ఎక్కడ బిగించాలన్నది మన ఇళ్లకు తగ్గట్టు ఆలోచించాలి. స్లాబు మధ్యలో పెట్టమని కంపెనీ కాగితం చెబుతుంది. మన గదుల్లో ఆ చోట ఫ్యాను ఉంటుంది. ఫ్యాను గాలి పొగను చెదరగొడుతుంది గనుక రెక్క చివర నుంచి కనీసం మూడడుగులు దూరం జరపాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. గోడ, స్లాబు కలిసే మూలలో గాలి కదలదు, అక్కడికి పొగ ఆలస్యంగా చేరుతుంది. గోడ నుంచి ఒక అడుగు ఎడం ఉంచాలి. గీజర్ ఆవిరి కొట్టే బాత్రూం తలుపుకూ, సాంబ్రాణి వేసే పూజగదికీ, దోమల కాయిల్ వెలిగించే మూలకూ దూరంగా పెట్టాలి. రేకుల ఇంట్లో, ఎండాకాలం మధ్యాహ్నం కప్పు కింద వేడి ఎంతకు పోతుందో అందులో ఉన్నవాళ్లకు తెలుసు. అలాంటి చోట హీట్ డిటెక్టర్ పెడితే ఎక్కువ వేడికి మోగే రకం అడిగి తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైన చోటు మెట్ల దారి. పొగకు అదే పొగగొట్టం, మనకు అదే బయటపడే తోవ. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర ఒకటి ఉండాలి. కింద షాపు గానీ, గోడౌన్ గానీ ఉంటే అందులో ఒకటి తప్పనిసరి. ప్రతి పడగ్గదిలో ఒకటి, వంటింట్లో హీట్ డిటెక్టర్ ఒకటి. రాత్రిపూట స్కూటర్ బ్యాటరీ ఇంట్లో చార్జింగ్ పెట్టే అలవాటుంటే ఆ గదిలోనూ ఒకటి కావాలి. ఆ బ్యాటరీని మెట్ల కింద, గుమ్మం దగ్గర మాత్రం ఎప్పుడూ చార్జింగ్ పెట్టకండి. అది అంటుకుంటే బయటికి దారి మూసుకుపోతుంది. ఇంకొకటి, గ్యాస్ లీకును ఈ రెండు డిటెక్టర్లూ పట్టలేవు. సిలిండర్ వంట గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. దానికి నేలకు దగ్గరగా పెట్టే గ్యాస్ డిటెక్టర్ వేరే ఉంది.

బిగించిన రోజే అసలు పరీక్ష చేయాలి. కింద షట్టర్ దించి, పైన తలుపులన్నీ మూసి, ఏసీలు, ఫ్యాన్లు వేసి, ఒకదాని టెస్ట్ బటన్ నొక్కండి. ప్రతి గదిలోనూ మోగిందా? కాంక్రీటు స్లాబులు, ఇనుప షట్టర్లు రేడియో సంకేతాన్ని బలహీనం చేస్తాయి. అందని గది ఉంటే మధ్యలో మెట్ల దగ్గర ఇంకొకటి చేర్చడమో, చోటు మార్చడమో చేయాలి. పిల్లలు చాలామంది ఆ మోతకు లేవరు. కాబట్టి పిల్లల గదికి పోయి లేపేది ఎవరో ముందే అనుకోవాలి. గ్రిల్లుకు తాళం వేసే ఇంట్లో తాళంచెవి ఎక్కడుంటుందో అందరికీ తెలియాలి. డిటెక్టర్ నిమిషాలు ఇస్తుంది గానీ దారి ఇవ్వదు. దారి మనం ఉంచుకోవాలి.

తర్వాత వచ్చేది పోషణ. మనవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. ఇందులో కష్టమైన పని ఒక్కటీ లేదు, మరిచిపోకుండా చేయడమే కావాలి. నెలకోసారి కరెంటు బిల్లు వచ్చిన రోజు టెస్ట్ బటన్ నొక్కాలి. ప్రతిసారీ వేరే గదిలోది నొక్కితే లింకు బాగుందో లేదో కూడా తెలుస్తుంది. ఇంట్లో వాడే రకాలు చాలావరకు లింకు తెగిపోతే వాటంతట అవి చెప్పవు. సంక్రాంతికీ, దసరాకూ బూజు దులిపేటప్పుడు డిటెక్టర్ రంధ్రాల మీద మెత్తటి బ్రష్షుతో దుమ్ము తుడవాలి. తడిగుడ్డ వద్దు. దుమ్ము గానీ, చిన్న పురుగులు గానీ లోపల చేరితే పొగ లేకుండానే మోగుతుంది, లేదా మోగాల్సినప్పుడు ఆలస్యం చేస్తుంది. ఇంటికి రంగులు వేయించే ముందు విప్పి పక్కన పెట్టి, పని అయిన రోజే మళ్లీ బిగించాలి. దాని మీద పెయింటు పడితే అది పనికిరాదు.

నిమిషానికోసారి కిచ్‌మని చిన్న శబ్దం వస్తే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది కనుక ఆ కూత ఎక్కువగా రాత్రుళ్లే మొదలవుతుంది. నిద్ర చెడిందని బ్యాటరీ పీకేసి, పొద్దున పెడదామనుకుని మరిచిపోయిన ఇల్లు మళ్లీ మొదటికి వచ్చినట్టే. కొనేటప్పుడే పదేళ్లు వచ్చే లిథియం బ్యాటరీ లోపలే సీలు చేసి ఉన్న రకం తీసుకుంటే ఈ బెడద ఉండదు. పదేళ్లు దాటాక డిటెక్టర్‌నే మార్చాలి. లోపలి సెన్సర్‌కూ వయసుంటుంది. తయారైన తేదీ వెనకాల ముద్రించి ఉంటుంది. మార్చాల్సిన సంవత్సరాన్ని మార్కర్‌తో పైకి కనిపించేట్టు రాసుకోండి.

హాస్టళ్లకు, లాడ్జీలకు, నర్సింగ్ హోంలకు ఇది చాలదు. అక్కడ ప్రతి డిటెక్టర్ ఒక ప్యానెల్‌కు ఎప్పటికప్పుడు తన క్షేమం చెప్పుకునే వైర్‌లెస్ వ్యవస్థ కావాలి. ఏ గదిలో బ్యాటరీ తగ్గింది, ఏ డిటెక్టర్ సంకేతం ఆగిపోయింది అన్నది ప్యానెల్ మీద కనిపిస్తుంది. ఆ ప్యానెల్ చూసే మనిషి రాత్రి డ్యూటీలో ఉండాలి. దాని పరీక్షల రిజిస్టరు తనిఖీకి వచ్చిన అధికారి అడిగి చూడాలి.

ఇక ప్రభుత్వాల సంగతి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం 15 మీటర్లు, ఆపైన ఎత్తున్నవే హైరైజ్ భవనాలు. అగ్నిమాపక నిబంధనల పట్టు చాలావరకు ఎత్తును బట్టే బిగుస్తుంది. మరి మన బజార్లలో కింద మడిగెలు, పైన రెండు మూడు అంతస్తుల కాపురాలు ఉన్న ఇళ్ల మాటేమిటి? గుల్జార్‌హౌజ్ ఇల్లు అలాంటిదే. తెనాలి బజారులో, వరంగల్ చౌరస్తాలో, విజయవాడ వన్‌టౌన్‌లో అలాంటి ఇళ్లే వరసగా కనిపిస్తాయి. ప్రమాదాన్ని ఎత్తుతో కొలవడం మానాలి. కింద వ్యాపారం, పైన నిద్ర, మధ్యలో ఒకటే మెట్లు ఉన్నాయా అని చూడాలి.

స్కాట్లాండ్ ఈ పని చేసి చూపించింది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక, స్కాట్లాండ్ తన నిబంధనలు తిరగరాసుకుంది. 2022 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ పాత ఇల్లయినా, కొత్త ఇల్లయినా ఒకదానితో ఒకటి లింకైన అలారాలు ఉండాలి. ఎక్కువ సేపు గడిపే గదిలో, ప్రతి అంతస్తు నడవలో స్మోక్ అలారం, వంటింట్లో హీట్ అలారం ఉండాలి. ఆ లింకు వైర్‌లెస్‌దైనా చట్టం ఒప్పుకుంటుంది.

మన రెండు తెలుగు రాష్ట్రాలు అంత దూరం ఒక్కసారిగా వెళ్లక్కర్లేదు. మున్సిపాలిటీలు దుకాణాలకు ట్రేడ్ లైసెన్సులు రెన్యువల్ చేస్తూనే ఉన్నాయి. పైన మనుషులు నివసించే ప్రతి దుకాణానికీ, గోడౌన్‌కూ లింకైన డిటెక్టర్లు ఉంటేనే రెన్యువల్ అని ఒక్క షరతు చేర్చాలి. పరికరాల ఖర్చు దుకాణం పెట్టుకున్నవారిది, బిగించనిచ్చే బాధ్యత ఇంటి యజమానిది అని స్పష్టంగా రాయాలి. సంక్షేమ హాస్టళ్లన్నిటికీ ప్రభుత్వమే టోకున కొని బిగించాలి. ప్రమాదం తర్వాత ప్రకటించే నష్టపరిహారం ఎవరినీ బతికించదు. అదే సొమ్ము ముందే డిటెక్టర్లకు పెడితే బతికించగలదు.

డిటెక్టర్లు ఉంటే ఏ ప్రమాదంలోనూ ఎవరూ చనిపోరని నేను అనను. కింద మంట పుట్టిన సంగతి పైవాళ్లకు తెలియకపోవడం అనే దుస్థితి మాత్రం ఉండకూడదు. దాన్ని తప్పించే పరికరం బజార్లో ఉంది, బిగించడం తేలిక, చూసుకోవడం అంతకంటే తేలిక. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం ఇంటి యజమానికి లేదు. ఇంటి యజమానులే చూసుకుంటారులే అని చట్టం చేయకుండా కూర్చునే హక్కు ప్రభుత్వాలకూ లేదు.