నోటికి గుడ్డ ఎవరి కొఱకు?

గత మాసమున గుడిబండెలో మనవారి యింట నొక నామకరణము జరిగినది. బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న ఆ యింటి ఆడబిడ్డ ముందునాటి రాత్రి జలుబుతో, దగ్గుతో వచ్చి దిగినది. ఉదయమున శిశువును చూడబోవునపుడు ముక్కును నోటిని కప్పునట్లు మాస్కు కట్టుకొన్నది. ఆ మాత్రమునకే పెద్దలలో కలకలము పుట్టినది. "యాలమ్మా ఆ గుడ్డ? మేమేమన్నా పరాయోళ్లమా?" అని మేనత్త యడిగినది. "కరోనా పోయి ఎన్నేండ్లాయె, ఇంకా ఈ వేషమేమి?" అని మఱియొకరు నవ్విరి. ఆమె క్షణకాలము తటపటాయించి, దానిని తీసి సంచిలో వేసికొన్నది. పిమ్మట అందఱివలెనే శిశువు నెత్తుకొని ముద్దాడినది. ఆ చావడిలో మేమును కూర్చుండి యుంటిమి. ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనము మమ్ము నేటివఱకును బాధించుచున్నందుననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జరిగిన కాలమును ఒకసారి తలచుకొందము. 2020 మార్చి 10వ తేదీన కలబురగిలో 76 ఏండ్ల వృద్ధుడు మరణించెను. కోవిడ్ వలన మన దేశమున సంభవించిన తొలి మరణ మదియే. ఆ నెల 25 నుండి దేశమంతటను తలుపులు మూతపడినవి. మాస్కు విషయమున ఆదిలో పండితులకే ఏకాభిప్రాయము లేదు. రోగులకును, వారికి పరిచర్య చేయువారికిని మాత్రము చాలునని చెప్పుచు వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, జూన్ 5న గాని సామాన్య ప్రజలు జనసమ్మర్దమున ధరింపవలెనని సలహా నీయలేదు. మన కేంద్ర ప్రభుత్వము అంతకు ముందే, ఏప్రిల్ మొదటివారమున, ఇంట కుట్టుకొన్న గుడ్డయైనను కట్టుకొనుడని చెప్పి, ఆ నెల 15వ తేదీ ఉత్తర్వుతో బహిరంగస్థలములందు దానిని నిర్బంధము చేసినది. పెద్దలే పూటకొక మాట చెప్పుచున్నారని మనవారు వేళాకోళము చేసిరి. కొత్త రోగమును గూర్చి నేర్చుకొనుచున్నవాడు మాట మార్చుకొనక తప్పదని అప్పుడు మనకు తోచలేదు. బ్రహ్మంగారు కాలజ్ఞానములో ముందే చెప్పినారని ఫోనులలో తిరిగిన పద్యములు మాత్రము మాస్కులకన్న ముందుగా మన యిండ్లు చేరినవి.

మన తాలూకాలో మఱియొక చిక్కుండెను. బోర్డులమీద వ్రాసినది, ఆటోలకు కట్టిన మైకులలో వినబడినది "ముఖగవసు" అను మాట. కన్నడము మనకు పరాయిభాష కాదు. మన పిల్లలు బడిలో చదువునది అదియే, మన దస్తావేజులు వ్రాయబడునదియు అందే. ఐనను గడప దాటని మన అవ్వలకు ఆ మాట కొత్త. నిజమునకు అంత కొత్తయు కాదు. దిండునకు, వీణకు తొడుగు గుడ్డను తెలుగువారు గవిసెన యన్నారు. గవసు, గవిసెన ఒక తల్లి బిడ్డలే. ఆ సంగతి అవ్వలకు చెప్పినవారు లేరు. ఎల్లకు ఆవల హిందూపురములో, కదిరిలో ఉన్న మన వియ్యాలవారి సంగతి వేఱు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచ సంకల్పించి, వానిని స్వయంసహాయక సంఘముల స్త్రీలచే కుట్టింప మొదలిడినది. ఇంటికి వచ్చి, ఇంటి భాషలో చెప్పి, చేతిలో పెట్టినదానికిని, వీధిలో మైకు వినిపించిన యాజ్ఞకును భేద మున్నది. దీనిని ఫిర్యాదుగా వ్రాయుటలేదు. ఇంటింటికి పోయి తెలుగులో చెప్పవలసిన పని మనది. మన సంఘమున ఎవరమును చేయలేదు, మేమును చేయలేదు.

ఇక జరిమానా కథ. 2020 అక్టోబరులో మన రాష్ట్రమున మాస్కు లేనివారికి నగరములందు 1,000 రూపాయలు, ఇతర ప్రాంతములందు 500 రూపాయలు అని నిర్ణయించి, జనుల ఆక్షేపణ మీదట కొలది దినములలోనే వానిని 250, 100గా తగ్గించిరి. దీనితో మాస్కు వైద్యుని వస్తువు కాక పోలీసువారి వస్తువైనది. భైరసాగరము కట్టమీద నిండుగాలిలో ఒంటరిగా నడచువాడు జీపు కనబడగానే గడ్డమునుండి దానిని పైకి లాగుకొనెను. ఇంటికి చేరి, పది మంది కూర్చున్న ఇరుకు గదిలో, తలుపులు మూసి, దానిని కొయ్యకు తగిలించెను. గాలి యున్నచోట గుడ్డ, గాలి లేనిచోట ఉత్త ముఖము. రోగము వ్యాపించు తీరునకు ఇది సరిగా తలక్రిందులు.

మన రైతులు దానికి పెట్టిన పేరు చిక్కము. చేనిలో నడచు ఎద్దు పైరుమీద మూతి పెట్టకుండ కట్టు చిక్కము. మనుష్యుని పశువును చేసిరను రోషము ఆ మాటలో నున్నది. ఈ రోషము మన పల్లెలకే పరిమితమని అనుకొనరాదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విజృంభించినపుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమువారు మాస్కును శాసనము చేయగా, మఱుసటి జనవరిలో అచ్చటి పౌరులు దానిని ఎదిరించుటకే ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఆ ఇన్‌ఫ్లుయెంజాకు మన దేశమున కోటి మందికి పైగా బలియైరి.

ఐనను ముఖమునకు గుడ్డ కట్టుట మనకు తెలియని పనియా? రాగి కళ్లములో దుమ్ము లేచునపుడు మన స్త్రీలు కొంగును ముక్కుమీదుగా బిగించి ముడివేసికొందురు. రాళ్లు కొట్టువారు తుండుగుడ్డ చుట్టుకొందురు. అది తమకొఱకు తాము కట్టుకొనునది. ఇతరుల కొఱకు కట్టుకొను గుడ్డయు మనకున్నది. దానిని మనము మఱచితిమి. నైవేద్యము వండునపుడు, గర్భాలయమునకు మోసికొని పోవునపుడు ముక్కును నోటిని గుడ్డతో కట్టుకొను ఆచారము అనేక దేవాలయములందు కలదు. మన ఊపిరి ఆ యన్నమునకు తగులరాదు. వాసన చూచిన పువ్వు పూజకు పనికిరాదు. దీపమును నోటితో ఊది ఆర్పరాదు. ఇవి మన యిండ్లలో మూడేండ్ల బిడ్డకును తెలిసిన విషయములు. కంటికి కనబడనిది నోటినుండి వెలువడి ఎదుటిదానిని చేరునను తెలివి ఈ ఆచారముల మూలముననున్నది. దానికి మనవారు పెట్టిన పేరు ఎంగిలి.

సూక్ష్మదర్శిని పుట్టుటకు పూర్వమే మనకు క్రిములు తెలియునని డప్పు కొట్టుకొనుట మా యుద్దేశము కాదు. ఆచారము శుద్ధిని గూర్చినది, రోగమును గూర్చినది కాదు. మా ప్రశ్న వేఱు. దేవుని యన్నమునకు మన ఊపిరి తగులరాదని ఇంత శ్రద్ధ వహించిన వారము, ఎనుబదియేండ్ల తల్లి మంచముకడ కూర్చుండి దగ్గునపుడు ఆ శ్రద్ధ నెందుకు చూపలేకపోయితిమి?

మాకు తోచిన సమాధానము ఇది. ప్రేమకు ఎంగిలి లేదని మన నమ్మకము. శబరి కొఱికి యిచ్చిన పండ్ల కథను మనము కన్నీటితో విందుము. తల్లి బిడ్డ కంచములోని మెతుకులు తినును, అన్నదమ్ములు ఒకే చెంబున నీరు త్రాగుదురు. ఎవరియెడ ఎంగిలి పాటింపమో వారే మనవారు. కనుక చుట్టముల నడుమ మాస్కు కట్టుకొన్నవాడు "మీరు మావారు కారు" అని చెప్పినట్లే యైనది. మేనత్త యడిగిన ప్రశ్నకు మూల మిదియే. అది మూఢత్వము కాదు, మమత. రోగము ఆ మమతను వాకిలిగా చేసికొని లోపలికి వచ్చినది.

2021 ఏప్రిల్‌లో రెండవ అల ముదిరి, పెండ్లికి 50 మందికి మించరాదని ఉత్తర్వు వెలువడినది. 27వ తేదీ రాత్రి నుండి రాష్ట్రమంతట మరల అన్నియు మూతపడినవి. ఆ నెలలోనే మేమొక చుట్టముల పెండ్లికి పోయితిమి. దారిలో రెండు చోట్ల పోలీసువారు ఆపిన యెడల మా ముఖమున మాస్కున్నది. పందిరిలో అడుగిడగానే అది జేబులో నున్నది. ఫోటోకు నిలుచున్నపుడు "మాస్కులు తీయండి, ముఖాలు కనపడొద్దా" అనిరి. తీయుటకు ఎవరికిని ఏమియు మిగిలిలేదు. ఆ ఫోటోలో ముందువరుసను కుర్చీలలో కూర్చున్న వృద్ధులలో ఇద్దఱు మే నెల దాటలేదు. ఆ పెండ్లి వలననే యని చెప్పలేము. కాదని చెప్పుటకును మాకు నోరు రాదు.

ఇచ్చట మఱియొక మాట దాచుట న్యాయము కాదు. "దూరముగా నిలువుము" అను మాట ఈ దేశమున చాలమందికి రోగముతో రాలేదు, పుట్టుకతో వచ్చినది. దొరయెదుట మాటలాడు కూలివాడు తన ఊపిరి ఆయనకు తగులకుండ నోటికి చేయి అడ్డము పెట్టుకొనవలె ననునది మన పల్లెలలో చిరకాలము మర్యాదగా చెలామణియైన అమర్యాద. మడి, ఎంగిలి అను మాటలకు ఆ మచ్చ యున్నది. "సామాజిక దూరము" అని మైకులో వినబడినపుడు ఊరి వెలుపలి వీథివారు ఏమనుకొనిరో మనము విచారింపలేదు. మాస్కులోని విశేషము ఈ లెక్కను తిరుగవేయుటలో నున్నది. కూలివాని కొఱకు దొరయు నోరు కప్పుకొనవలెను. ఆచరణలో జరిగినదేమి? పాత్రలు తోమ వచ్చిన యామె మాస్కు తప్పక కట్టుకొనవలెను. అరుగుమీద కూర్చుండి పని పురమాయించు మనము కట్టుకొననక్కఱలేదు. ఇట్టి యిండ్లు మన వారిలో కొన్ని కావు, చాల నుండెను.

రోగచిహ్నమును చూచి సిగ్గుపడుట కూడ కొత్తగా నేర్చుకొన్నదే. అమ్మవారు పోసిన యింటి గడపకు పూర్వము వేపమండలు కట్టెడివారు. అది చూచి పరులు లోపలికి పోయెడివారు కారు. ఆ యింటివారికి అందువలన తలవంపులు కలిగెడివి కావు. 2020లో గోడలకు అంటించిన కాగితములు అట్లు కాలేదు. అవి ఇంటికి అపకీర్తియైనవి. అధికారుల ప్రత్యేకాదేశము లేనిదే అట్టి కాగితములు అంటింపరాదని ఆ డిసెంబరు 9న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. వేపమండ ఇంటివారు తాము కట్టుకొన్నది, కాగితము పరులు అంటించినది. మాస్కును గూడ మనము ఆ కాగితముల జాబితాలో చేర్చితిమి.

తూర్పుదేశముల వారు వేఱొక త్రోవను నడచిరి. 1910-11లో మంచూరియాలో ప్లేగు ప్రబలినపుడు, పినాంగులో జన్మించిన చీనా వైద్యుడు వూ లియన్ తె ఆ రోగము ఊపిరి ద్వారా సోకునని గ్రహించి, దూదిని, పలుచని గుడ్డను మడిచి మాస్కులు చేయించెను. దానిని లెక్కచేయక రోగులను చూడబోయిన ఒక ఫ్రెంచి వైద్యుడు కొన్ని దినములలోనే ఆ ప్లేగుతో మరణించెను. జపానులో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాతో మొదలైన అలవాటు క్రమముగా మర్యాదగా మాఱినది. అచ్చట జలుబు చేసినవాడు రైలెక్కునపుడు మాస్కు కట్టుకొనును. నీకేమి రోగమని ఎవరు నడుగరు. 2023 మార్చి 13న అచ్చటి ప్రభుత్వము ఇక ఎవరి యిష్టము వారిదని ప్రకటించిన పిమ్మటను చాలమంది దానిని విడువలేదు.

మాస్కు సర్వరోగ నివారిణి యని మేము వాదింపము. దాని ఫలమెంత యను విషయమున పరిశోధకుల వాదములు నేటికిని ముగియలేదు. 2020 నవంబరు మొదలు 2021 ఏప్రిల్ వఱకు బంగ్లాదేశ్‌లోని 600 గ్రామములలో మూడు లక్షల మందికి పైగా ప్రజలతో ఒక పెద్ద పరీక్ష జరిగినది. మాస్కులను ఉచితముగా పంచి, మసీదులలో, సంతలలో మెత్తగా గుర్తుచేయుచు వచ్చిన గ్రామములలో వాని వాడకము నూటికి 13 నుండి 42కు పెరిగినది. జబ్బు తగ్గినది కొంతయే, ఐనను 60 ఏండ్లు దాటినవారిలో శస్త్రచికిత్స మాస్కు వలన కలిగిన మేలు అందఱిలోను ఎక్కువ. జరిమానాలతో కాక, తెలిసినవారు తెలిసిన భాషలో చెప్పుటచే ఇంత జరిగినదని మనము గమనింపవలెను.

2022 మార్చి 31తో కేంద్రపు నిర్బంధములు తీరినవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. ఇప్పుడెవరును ఆరోగ్యవంతుని ముఖమునకు గుడ్డ కట్టుమని అడుగుట లేదు, మేమును అడుగము. కాని దగ్గు పోలేదు. ప్రపంచములోని క్షయరోగులలో నాల్గవ వంతునకు పైగా మన దేశముననే యున్నారు. చలికాలపు జ్వరము పసికందునకు, ముసలివారికి నేటికిని ప్రాణాంతకమే. దగ్గు ఉన్న మనిషి పురిటింటికో, పెద్దవారి మంచముకడకో పోవునపుడు నోరు కప్పుకొనుట, కప్పుకొన్నవారిని "ఏమి రోగము" అని ఇతరులు అడుగకుండుట – మేము కోరునది ఈ రెండే. రెండవది మొదటిదానికన్న కష్టమని మాకు తెలియును.

ఆ శిశువునకు ముందు నెలలో చెవులు కుట్టుదురట. పిలుపు వచ్చినది. మేము ఆ ఆడబిడ్డకు బెంగుళూరికి కబురు పంపితిమి. జలుబున్నను రమ్మంటిమి, మాస్కు కట్టుకొని రమ్మంటిమి; మేనత్తకు మేము చెప్పుకొందుమని, మా జేబులోను ఒకటి యుండునని తెలిపితిమి.