ఆ క్షణంలో అతనికి తెలుసా? హత్య కేసుల్లో మతిస్థిమితంపై చట్టం ఏమంటోంది

మదనపల్లె: 2021 జనవరి 24వ తేదీ రాత్రి మదనపల్లె పట్టణంలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు సొంత ఇంట్లోనే హతమయ్యారు. నిందితులు వారిని కన్న తల్లిదండ్రులే. ఉన్నత చదువులు చదివి, పదిమందికి పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవారు. చనిపోయిన బిడ్డలు మళ్లీ బతికి వస్తారని వారు నమ్మినట్లు పోలీసులు అప్పట్లో వెల్లడించారు. సబ్‌జైలులో ఉన్న ఆ దంపతులను వైద్యుల సూచన మేరకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించిన సంగతి పాఠకులకు విదితమే.

ఆనాడు టీ కొట్ల దగ్గర, బస్టాండులో ఎక్కడ చూసినా రెండే మాటలు వినిపించాయి. 'మతిలేని వాళ్లకు శిక్ష ఏమిటి పాపం' అన్నది ఒకటి. 'పిచ్చి అని చెప్పి బయటపడిపోతారులే' అన్నది రెండోది. ఆ కేసులోని నిజానిజాల జోలికి ఈ వ్యాసం పోవడం లేదు. అయితే ప్రజలు అనుకుంటున్న ఈ రెండు మాటలూ చట్టం ప్రకారం సరైనవి కావు. మతిస్థిమితం లేదన్న వాదన కోర్టులో ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు వీగిపోతుంది, పల్లెల్లోని పేద కుటుంబాలకు ఆ రక్షణ ఎందుకు అందడం లేదు అన్నవి పరిశీలించవలసిన అంశాలు.

చట్టం అడిగేది ఒకే ప్రశ్న

ఈ సూత్రానికి మూలం ఇంగ్లండులో ఉంది. 1843 జనవరిలో మెక్‌నాటన్ అనే వ్యక్తి అప్పటి ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ను లండన్‌లో తుపాకీతో కాల్చాడు. కొద్ది రోజులకు డ్రమ్మండ్ మరణించాడు. మెక్‌నాటన్ మానసిక రోగి అని తేలడంతో జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. దేశమంతా దుమారం రేగింది. అప్పుడు ప్రభువుల సభ న్యాయమూర్తులను పిలిపించి అడిగిన ప్రశ్నలకు వారు ఇచ్చిన సమాధానాలే నేటికీ ఆధారమయ్యాయి.

ఆ సూత్రమే 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా చేరింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 22వ సెక్షన్. నంబరు మారింది కానీ సారాంశం మారలేదు. నేరం జరిగిన సమయంలో, మతిస్థిమితం లేని కారణంగా, తాను చేస్తున్న పని ఏమిటో తెలుసుకోలేని స్థితిలో ఉన్నా, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అని గ్రహించలేని స్థితిలో ఉన్నా అతను చేసినది నేరం కాదు.

ఇందులో కీలకమైన మాట 'ఆ సమయంలో' అన్నది. నిందితుడికి జబ్బు ఉందా లేదా అని మాత్రమే కోర్టు చూడదు. ఆ జబ్బు ఆ క్షణంలో అతని తెలివిని పూర్తిగా కప్పివేసిందా అని చూస్తుంది. వైద్యుని దృష్టిలో రోగి అయిన ప్రతి వ్యక్తీ చట్టం దృష్టిలో మతిలేనివాడు కాడని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో స్పష్టం చేసింది. వింతగా ప్రవర్తించడం, ముక్కోపం, అప్పుడప్పుడూ మూర్ఛ రావడం వంటివి మాత్రమే ఉంటే చాలదు. తనంతట తాను తాగిన మత్తులో చేసిన నేరానికి ఈ సెక్షన్ కింద రక్షణ లేదు. దానికి వేరే నిబంధన ఉంది.

మూఢనమ్మకం కూడా ఇందులోకి రాదు. చేతబడి చేశాడన్న అనుమానంతో పొరుగువాణ్ణి చంపినవాడికి తాను చంపుతున్నానని తెలుసు, పోలీసులు వస్తారనీ తెలుసు. అతని నమ్మకం ఎంత గట్టిదైనా అది మనోవ్యాధి అని వైద్యం నిర్ధారించనిదే 22వ సెక్షన్ అక్కరకు రాదు.

రెండు కేసులు, రెండు తీర్పులు

సుప్రీంకోర్టు తీర్పుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. మొదటిది గుజరాత్‌కు చెందిన దహ్యాభాయ్ ఛగన్‌భాయ్ ఠక్కర్ కేసు. 1959 ఏప్రిల్‌లో ఒక రాత్రి అతను పడకగదిలో భార్యను కత్తితో పొడిచి చంపాడు. ఆమె ఒంటిపై 44 గాయాలు ఉన్నాయి. అతనికి మతి చెడిందని బంధువులు కోర్టులో చెప్పారు. అయితే భార్య తనకు నచ్చలేదని, ఆమెను తీసుకుపొమ్మని మామకు అతను అంతకుముందే ఉత్తరం రాసినట్లు బయటపడింది. చికిత్సకు సంబంధించిన నమ్మదగిన ఆధారమేదీ లేదు. 1964లో సుప్రీంకోర్టు అతని వాదనను తోసిపుచ్చింది.

రెండోది మహారాష్ట్రకు చెందిన ఒక పోలీసు కానిస్టేబుల్ కేసు. 1994 ఏప్రిల్ 24న బట్టలు ఉతుకుతున్న భార్య తలపై అతను రుబ్బురాయితో మోది చంపాడు. సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. హైకోర్టు దానిని ఖాయం చేసింది. 2002లో సుప్రీంకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించింది. కారణాలు ఏమిటి? తండ్రికి కూడా మానసిక వ్యాధి ఉంది. 1992 నుంచే ఇతనికి చికిత్స నడుస్తోంది. పారనాయిడ్ స్కిజోఫ్రేనియా అని వైద్యులు నిర్ధారించారు. ఘటన తర్వాత అదే సంవత్సరం జూన్ నుంచి డిసెంబరు వరకు 25 సార్లు ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. ఉద్యోగానికి రాజీనామా చేయవద్దని భార్య వారించిందన్నది తప్ప హత్యకు బలమైన కారణమే లేదు. పట్టపగలు చంపి కూడా అతను పారిపోలేదు, దాక్కోలేదు.

రెండు ఘటనల్లోనూ భర్త చేతిలో భార్య ప్రాణం పోయింది. తేడా వచ్చింది ఘటనకు ముందూ వెనుకా ఉన్న ఆధారాల్లో. కానిస్టేబుల్ విషయంలో హత్యకు రెండేళ్ల ముందు నుంచే వైద్యుల చేతిరాత ఉన్న కాగితాలు ఉన్నాయి.

రుజువు చేయవలసింది ఎవరు?

హత్య జరిగిందని, నిందితుడే చేశాడని నిస్సందేహంగా రుజువు చేయవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. మతిస్థిమితం లేదని చూపవలసిన భారం మాత్రం నిందితుడిదే. పాత సాక్ష్య చట్టంలోని 105వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 108వ సెక్షన్ ఇదే చెబుతున్నాయి. అయితే ఆ భారం ప్రాసిక్యూషన్‌పై ఉన్నంత బరువైనది కాదని, సివిల్ దావాలో మాదిరిగా 'ఇలా జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉంది' అనిపిస్తే చాలునని 1964 తీర్పులోనే సుప్రీంకోర్టు వివరించింది. పూర్తిగా రుజువు కాకపోయినా, అతనికి చంపే ఉద్దేశం ఉందా అన్న విషయంలో సహేతుకమైన సందేహం కలిగితే దాని ప్రయోజనం నిందితుడికే దక్కుతుంది.

భారం తేలికే. కానీ దానిని మోయడానికి చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి కదా.

పల్లెల్లో కాగితం ఏది?

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్న వారిలో చికిత్స అందని వారు వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. గ్రామాల్లో కుర్రవాడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడంటే 'గాలి సోకింది' అంటారు. అన్నంలో విషం కలిపారని తల్లిని అనుమానిస్తుంటే 'ఎవరో ఏదో చేశారు' అంటారు. తాయెత్తు కట్టిస్తారు, భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు, గుడిలోనో దర్గాలోనో నిద్ర చేయిస్తారు. చెల్లెలి పెళ్లి చెడిపోతుందన్న భయంతో ఇంట్లోనే దాచి ఉంచుతారు. తిరగబడితే కట్టేస్తారు. వీటిలో దేనికీ రశీదు ఉండదు.

తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న రోగులను ఉంచిన ఒక కేంద్రంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్నవారు తప్పించుకోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్ రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. చట్టం వచ్చినా, కాగితం లేని రోగుల సంఖ్య తగ్గలేదు.

అలాంటి ఇంట్లో ఒకనాడు ఘోరం జరిగితే పరిస్థితి ఏమిటి? 'వాడికి పదేళ్లుగా మతి లేదు' అని ఊరంతా చెబుతుంది. కానీ కోర్టులో అది బంధువుల మాటగానే మిగిలిపోతుంది. జబ్బు ఇద్దరికీ ఒకటే అయినా, ఆసుపత్రి మెట్లు ఎక్కినవాడికి దొరికిన రక్షణ ఎక్కనివాడికి దొరకడం లేదు. ఇది చట్టంలోని లోపం కంటే వైద్యం అందకపోవడం వల్ల జరుగుతున్న అన్యాయం అనడం సబబు.

పోలీసుల బాధ్యత

భారం నిందితుడిదే కదా అని పోలీసులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. నిందితుడికి ముందు నుంచి మతిస్థిమితం లేదని దర్యాప్తులో తెలిసినప్పుడు అతణ్ణి వైద్య పరీక్షకు పంపి, ఆ నివేదికను కోర్టు ముందు ఉంచడం నిజాయితీ గల దర్యాప్తు అధికారి విధి అని రాజస్థాన్‌కు చెందిన బాపూ కేసులో 2007లో సుప్రీంకోర్టు పేర్కొంది. అలా చేయకపోతే ప్రాసిక్యూషన్ కేసులోనే తీవ్రమైన లోపం ఏర్పడుతుందని, సందేహ లాభం నిందితుడికి ఇవ్వవలసి వస్తుందని హెచ్చరించింది.

కాలయాపన జరిగితే ఈ పరీక్షకు విలువ తగ్గుతుంది. నెలలు గడిచాక చూసిన వైద్యుడు నేటి స్థితి చెప్పగలడే తప్ప నాటి స్థితిని గట్టిగా చెప్పడం కష్టం. ఘటన జరిగిన తొలి రోజుల్లోనే పరీక్ష జరిగితే నిజంగా రోగి అయినవాడికి న్యాయం జరుగుతుంది, నటించేవాడి గుట్టు కూడా బయటపడుతుంది.

నిర్దోషి అయినా ఇంటికి కాదు

'బయటపడిపోతాడు' అన్న అపోహ గురించి కూడా చెప్పుకోవాలి. విచారణ సమయంలో నిందితుడు తన కేసును తాను అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే విచారణ నిలిచిపోతుంది. చికిత్స తర్వాత కోలుకుంటే మళ్లీ మొదలవుతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి ఈ ప్రక్రియ ఉంది. ఇక మతిస్థిమితం లేని కారణంగా నిర్దోషి అని తీర్పు ఇస్తే, ఆ పని అతనే చేశాడా లేదా అన్నది తీర్పులో విడిగా రాయాలి. చేశాడని తేలితే 374వ సెక్షన్ కింద అతణ్ణి భద్రమైన స్థలంలో ఉంచాలి, లేదా తగిన పూచీకత్తుపై బంధువులకు అప్పగించాలి. తీర్పు రోజే దండ వేసుకుని ఊరికి రావడం అన్నది ఉండదు.

పైగా కొందరి విషయంలో ఇది శిక్ష కంటే దీర్ఘమైంది. అస్సాంకు చెందిన ఒక గిరిజనుణ్ణి ఒకరిని గాయపరిచాడన్న ఆరోపణపై 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. కోలుకున్నాడని 1967లో వైద్యులు ధ్రువీకరించినా విడుదల చేయకుండా గౌహతి జైలుకు మార్చారు. విచారణే లేకుండా 54 ఏళ్లు గడిపి 2005లో అతను బయటకు వచ్చాడు. అడిగేవారు లేకపోవడమే అందుకు కారణం.

చనిపోయినవారూ ఆ ఇంటివారే

ఇటువంటి కేసుల్లో తరచూ హతులూ నిందితులూ ఒకే కప్పు కింద ఉంటారు. కోడలిని పోగొట్టుకున్న తల్లే ఫిర్యాదు ఇవ్వాలి, సాక్ష్యం చెప్పాలి, కొడుకుకు జైలులో మందులు అందుతున్నాయో లేదో కనుక్కోవాలి. చనిపోయినదాని పుట్టింటివారు న్యాయం అడుగుతారు. వారి దుఃఖమూ న్యాయమైనదే. తమ బిడ్డను చంపినవాడు నిర్దోషి అని వినడం ఎవరికైనా కష్టం. చట్టం ఆ ప్రాణానికి విలువ లేదని అనడం లేదు. తెలియక చేసినవాణ్ణి తెలిసి చేసినవాడితో సమానంగా శిక్షించరాదని మాత్రమే అంటోంది. ఆ మాట పుట్టింటివారు నమ్మాలంటే తీర్పు వెనుక గట్టి వైద్య ఆధారం ఉండాలి. కాగితం నిందితుడికి ఎంత అవసరమో హతుల కుటుంబానికీ అంతే అవసరం.

కుటుంబాలు గమనించవలసినవి

- ఓపీ చీటీలు, మందుల చీటీలు, డిశ్చార్జి కాగితాలు పారేయకుండా వరుసగా భద్రపరచాలి. తన వైద్య రికార్డులు పొందే హక్కు 2017 చట్టంలోని 25వ సెక్షన్ రోగికి ఇచ్చింది.

- మానసిక రోగి వల్ల తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం ఉందని తోచినప్పుడు అతణ్ణి రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలసిన బాధ్యతను 100వ సెక్షన్ పోలీసులపై పెట్టింది. నేరం జరిగే వరకు ఆగవలసిన పని లేదు. ఫిర్యాదును రాతపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకోవాలి.

- సలహా కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

- న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. కస్టడీలో ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100.

ఆ క్షణంలో అతనికి తెలుసా అన్న ప్రశ్నకు కోర్టు సమాధానం వెతికేది హత్య జరిగిన తర్వాతే. ఆ సమాధానం మాత్రం అంతకు ఏళ్ల ముందు, అతని మాట తొలిసారి తేడాగా వినిపించిన రోజున రాసిన చీటీలో ఉంటుంది. ఆ రోజున కుటుంబం అతణ్ణి ఆసుపత్రికి తీసుకుపోగలిగితే, అక్కడ వైద్యుడు, మందు ఉంటే, బహుశా కోర్టు వరకు వెళ్లవలసిన అవసరమే రాకపోవచ్చు. ప్రతి మండలానికీ ఆ సౌకర్యం చేరేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వాలపై ఉంది.