ఈదుకుంటూ వచ్చే తెగులు

పిల్లలూ! చలిదేశాలలో రాస్ప్‌బెర్రీ అనే పండు పండుతుంది. ఎర్రని చిన్నచిన్న పూసలను గుత్తిగా అతికించినట్టుంటుంది. ఈ మొక్క గులాబీ కుటుంబానికి చెందినది. స్కాట్లండులో బ్లెయిర్‌గౌరీ పట్టణం చుట్టుపక్కల ఈ తోటలు ప్రసిద్ధి.

అక్కడి రైతులను ఏడిపించే జబ్బు ఒకటి ఉన్నది. అదే వేరుకుళ్ళు తెగులు. ఆకులు వాడిపోతాయి, కొమ్మలు ఎండిపోతాయి. నీరు చాలలేదేమోనని ఇంకా నీరు పెడితే జబ్బు మరింత ముదురుతుంది! ఎందుచేత?

ఈ తెగులును కలిగించేది ఫైటాఫ్తొరా రూబి అనే సూక్ష్మజీవి. చూడటానికి బూజులాగా ఉన్నా, ఇది నిజమైన బూజుజాతిది కాదు. సముద్రంలో పెరిగే గోధుమరంగు నాచులకు చుట్టం. దీని బీజాలకు రెండేసి సన్నని తోకలుంటాయి. మట్టిలో నీరు నిలిస్తే చాలు, అవి ఈదుకుంటూ వెళ్ళి వేళ్ళను పట్టుకుంటాయి. మన కొబ్బరిచెట్లకు వచ్చే మొవ్వుకుళ్ళు తెగులు కూడా దీని దాయాది చేసే పనే. ఒకసారి పొలంలో చేరిందంటే ఏళ్ళ తరబడి మట్టిలో దాగి ఉంటుంది. అందుచేత చచ్చిన మొక్క స్థానంలో కొత్త మొక్క నాటినా లాభం ఉండదు.

అయితే అన్ని రకాలూ ఒకే విధంగా లొంగిపోవు. 1920లో అమెరికాలోని మిన్నెసోటాలో విడుదలైన లేథమ్ అనే రకం ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. స్కాట్లండులో తయారైన గ్లెన్ మోయ్ రకానికి పండు కమ్మన, ముళ్ళు కూడా లేవు. కాని తెగులుకు తట్టుకోలేదు. డండీ నగరం దగ్గర శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ సంకరం చేసి, పుట్టిన మొక్కలను తెగులున్న నేలలో పెంచి చూశారు. కొన్ని కుళ్ళిపోయాయి, కొన్ని నిలబడ్డాయి. అప్పుడొక తమాషా బయటపడింది. తెగులును తట్టుకునే గుణమూ, వేళ్ళు ఏపుగా పెరిగే గుణమూ క్రోమోసోములలో ఒకే చోట ఉన్నాయి!

ఆ చోటును గుర్తుపట్టడం తెలిశాక పని సులువైంది. పూర్వం మొక్కను ఏళ్ళపాటు పెంచితేగాని దాని సత్తా తెలిసేది కాదు. ఇప్పుడు లేతమొక్క ఆకుముక్కను పరీక్షించి, పనికివచ్చేవాటిని ఏరుకోవచ్చు. గ్లెన్ మోర్ అనే కొత్తరకాన్ని ఈ పద్ధతి సాయంతోనే ఎంపిక చేశారు.

కాని గట్టిరకం నాటాం గదా అని రైతు చేతులు ముడుచుకుని కూర్చోరాదు. తట్టుకోవడమంటే జబ్బు అసలు రాకపోవడం కాదు. ఎత్తుగా బోదెలు వేసి, వాననీరు నిలవకుండా కాలువలు తీయవలసిందే. ఈదటానికి నీరు లేకపోతే ఆ తోకల బీజాలు ఎక్కడికి పోగలవు?