తాళము త్రిప్పితే 'టక్' అని ఊరకున్నప్పుడు



కర్నూలు, కడప ప్రాంతపు పల్లెలలో కారు గాని జీపు గాని ఉన్న ఇల్లు ఊరంతటికీ ఆధారము. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినా, చేలో పాము కరిచినా ఆ ఇంటి తలుపే తడతారు. 2005లో 108 అంబులెన్సులు మొదలైన తరువాత కూడ, రోడ్డుకు దూరమైన ఊళ్లలో ఆ బండి అవసరము తీరలేదు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రికో, కర్నూలు పెద్దాసుపత్రికో బయలుదేరవలసిన గడియలో సెల్ఫ్ పట్టకపోతే ఏమి చేయవలెను? ఈ నెల ఆ సంగతి ఆలోచింతము.

అటువంటప్పుడు చుట్టూ చేరినవారు చెప్పే మాట ఒక్కటే: "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండి." శెనక్కాయలు అమ్మిన డబ్బు దానికి పోతుంది. వారము తిరగకముందే బండి మళ్లీ మొరాయిస్తుంది. అనేకసార్లు తప్పు బ్యాటరీలో ఉండదు, దానికి బిగించిన వైరు అతుకులో ఉంటుంది. గనుక కొనకముందు పరీక్షించండి అని మేము మనవి చేస్తున్నాము.

పూర్వము ఇంజనును హ్యాండిల్‌తో త్రిప్పేవారు. అది వెనుకకు తన్ని చేతులు విరిగినవారు ఉన్నారు. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు 1911లో విద్యుత్ మోటారుతో ఇంజను త్రిప్పే పద్ధతిని సిద్ధపరచగా, 1912 కాడిలాక్ కార్లలో అది వచ్చినది. నేటి కార్లకు హ్యాండిల్ లేదు గనుక సెల్ఫే దిక్కు.

ఇందులో రెండు దారులున్నవి. మొదటిది చిన్న దారి: తాళము నుండి సన్నని వైర్లు సోలినాయిడ్ వరకు వెళ్లును. రెండవది పెద్ద దారి: బ్యాటరీ నుండి లావు వైరు సోలినాయిడ్ మీదుగా మోటారుకు వెళ్లి, ఇంజను బాడీ, ఎర్త్ వైరు ద్వారా తిరిగి బ్యాటరీకి చేరును. ఒక హెడ్‌లైటుకు 5 ఆంపియర్లు చాలును. చిన్న కారు సెల్ఫ్ మోటారుకైనా 100 నుండి 200 ఆంపియర్లు కావలెను. అందుచేత "లైట్లు వెలుగుతున్నవి, హారన్ మ్రోగుతున్నది, కాబట్టి వైర్లు బాగున్నట్టే" అనుకొనకూడదు. చెత్త అడ్డుపడిన పైపులోనుండి బిందెడు నీళ్లు వచ్చును గాని మడి తడవదు గదా!

ఇప్పుడు పరీక్ష. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, హెడ్‌లైట్లు వెలిగించండి. ఒకరు తాళము త్రిప్పుతుండగా మరియొకరు లైట్లను చూడవలెను.

శబ్దము లేక, లైట్లు ఏమాత్రము తగ్గకపోతే తప్పు సాధారణముగా చిన్న దారిలో ఉండును. ఫ్యూజు, రిలే, తాళము స్విచ్, సోలినాయిడ్ సన్నవైరు చూడండి. కొత్త కార్లలో క్లచ్ పూర్తిగా నొక్కితే గాని సెల్ఫ్ పనిచేయనివి ఉన్నవి. లైట్లు ఒక్కసారిగా ఆరిపోతే టెర్మినల్ వదులైనది, లేదా బ్యాటరీ బొత్తిగా దిగిపోయినది. టకటకమని వరుసగా కొట్టుకొంటే కూడ ఈ రెండే అనుమానించండి. ఒకే 'టక్' వినబడి లైట్లు పెద్దగా తగ్గకపోతే సోలినాయిడ్ లోపలి రాగి ముక్కలు గాని, మోటారు కార్బన్ బ్రష్‌లు గాని అరిగి ఉండవచ్చును; అది మెకానిక్ పని.

మల్టీమీటరు ఉంటే ఊహ అక్కరలేదు. నిండిన బ్యాటరీ నిలకడగా 12.6 వోల్టులు చూపును. 12కు తగ్గితే ముందు చార్జింగ్ పెట్టించండి. తరువాత సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్ కొనకు ఒక తీగ, ఇంజను బాడీకి ఒక తీగ ఆనించండి. అర వోల్టు మించి చూపితే ఎర్త్ దారిలో అతుకు చెడినది. 150 ఆంపియర్లు పారునప్పుడు ఓమ్‌లో నూరవ వంతు అడ్డంకి ఉన్నా ఒకటిన్నర వోల్టు అక్కడే నశించును. చేయి పెడితే ఆ అతుకు వేడిగా తగులును. ఒక్కొక్కసారి 10 సెకండ్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు.

అతుకు బాగుచేయుట సులభము. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండరాదు. దానినుండి మండే వాయువు వచ్చును. మైనస్ వైరు ముందు విప్పి చివర బిగించవలెను. తెల్లని, పచ్చని బూజును వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి. ఆ నీళ్లు బ్యాటరీలోనికి పోకూడదు. ఉప్పుకాగితముతో రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి.

మన ప్రాంతమునకు మరియొక మాట. మే నెల ఎండలకు బ్యాటరీలో నీళ్లు త్వరగా ఇగిరిపోవును. మూతలు విప్పే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. కుండ అడుగున తెల్లని పొర కట్టే మన బోరు నీళ్లలోని లవణములు బ్యాటరీ ప్లేట్లను పాడుచేయును.

ఈ పనికి అరగంట చాలును. మీ కుమారునికి, కుమార్తెకు కూడ చూపించండి. ఎవరో తలుపు తట్టే రాత్రి ఇంటి పెద్ద ఊరిలో ఉండకపోవచ్చును.