కొల్లేటి మురుగు – పురముల బొక్కసము

అంతులేని దానికి తెలుగువారు చెప్పు ఉపమానము కొల్లేటి చాంతాడు. కొల్లేటిని గూర్చి ఇంతవరకు వెలువడిన ఉత్తరువులను, సంఘముల నివేదికలను, న్యాయస్థానముల తీర్పులను కొసకు కొస ముడివేసినచో అవియు ఆ చాంతాడంత పొడవగును. వానిలో పక్షుల ప్రసంగము కలదు. చేపల చెరువుల ప్రసంగము కలదు. కాంటూరుల ప్రసంగము మిక్కిలిగా కలదు. కాని ఎగువనున్న పట్టణములు దినదినమును ఆ సరస్సులోనికి విడుచుచున్న మురుగును శుభ్రము చేయుటకు సొమ్ము ఎవరి పెట్టెనుండి రావలెనను ప్రశ్నకు తిన్నని జవాబు వానిలో వెదకిన దొరకుట కష్టము. ఆ ప్రశ్ననే నేడు మేము పాఠకుల ముందుంచుచున్నాము.

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెమువలె పల్లముగా నున్న నేల కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు అను ఏరులును, ఇరుప్రక్కల డెల్టా పొలములనుండి వచ్చు అనేక మురుగుకాలువలును దీనిలో కలియుచున్నవి. బయటికి పోవు దారి మాత్రము ఒక్కటే, అది ఉప్పుటేరు. సుమారు అరువది కిలోమీటర్లు వంకరలు తిరిగి అది బంగాళాఖాతమును చేరును. లోనికి వాకిళ్లు పెక్కు, వెలుపలికి ఒక్కటి. కావున కొల్లేటిలో పడిన మాలిన్యము త్వరగా సముద్రమునకు పోదు. అడుగున పేరుకొని, వేసవిలో నీరు తగ్గినపుడు మరింత చిక్కబడును. ఆ రోజులలోనే ఉప్పుటేటి వెంబడి సముద్రపు ఉప్పునీరు వెనుకకు తన్నును.

1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రాంసర్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో అక్రమముగా వేసిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఇన్ని జరిగినను కాలువల వెంట వచ్చు మురుగు ఆగలేదు. గట్టు తెగగొట్టుటకు కొన్ని దినములు, కొన్ని యంత్రములు చాలును. మురుగును శుభ్రము చేయుటకు ఏటేట సొమ్ము కావలెను. భేదమంతయు ఇచ్చటనే యున్నది.

ఈ మురుగు ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఎవరికిని రహస్యము కాదు. విజయవాడ మురుగులో కొంత భాగము బుడమేటి దారి పట్టును. ఏలూరు మురుగు పల్లమునకు, అనగా కొల్లేటి వైపునకే జారును. గుడివాడ ప్రాంతపు మురుగుకాలువలకును అదే గమ్యస్థానము. పొలములలో చల్లిన ఎరువులు, పురుగుమందులు, చేపల చెరువులు ఖాళీ చేయునపుడు విడుచు నీరు, కర్మాగారముల వ్యర్థములు వీనికి తోడగుచున్నవి. నేర మంతయు పట్టణములదే యని మే మనము. కాని రైతునకును, చెరువు యజమానికిని నీతులు చెప్పవలెనన్నచో ముందుగా పురపాలక సంఘము తన వాకిలి ఊడ్చుకొనవలెను గదా!

ఏలూరు పురపాలక సంఘము 1866లోను, బెజవాడ పురపాలక సంఘము 1888లోను ఏర్పడినవి. అనగా స్థానిక స్వపరిపాలనకు ఈ ప్రాంతమున శతాబ్దమునకు మించిన చరిత్ర గలదు. స్వతంత్ర భారతమున రాజ్యాంగపు 73, 74వ సవరణలు 1993లో అమలులోనికి వచ్చి, పంచాయతీలకును పురపాలక సంఘములకును రాజ్యాంగమునందే స్థానము కల్పించినవి. నీటి సరఫరా, పారిశుద్ధ్యము, ప్రజారోగ్యము అను పనులు పండ్రెండవ షెడ్యూలున పురపాలక సంఘములకు చేర్పబడినవి. బాధ్యత షెడ్యూలులో స్పష్టముగ వ్రాయబడినది. దానికి తగిన బొక్కసము మాత్రము ఏ షెడ్యూలులోను కానరాదు.

2017 ఫిబ్రవరిలో అత్యున్నత న్యాయస్థానము, మురుగుశుద్ధి స్థానిక సంస్థల విధి యనియు, సొమ్ము లేదను సాకు చెల్లదనియు, అవసరమైనచో వాడుకదారులనుండి రాబట్టవచ్చుననియు, మూడేండ్లలో శుద్ధిశాలలు సిద్ధము కావలెననియు ఆదేశించినది. పిదప 2019లో జాతీయ హరిత న్యాయస్థానము, గడువు దాటినచో మురుగుకాలువ ఒక్కింటికి నెలకు 5 లక్షల రూపాయలును, పూర్తికాని శుద్ధిశాల ఒక్కింటికి నెలకు 10 లక్షల రూపాయలును పరిహారము కట్టవలసి యుండునని హెచ్చరించినది. ఫలితమేమి? 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన లెక్కల ప్రకారము దేశమందలి పట్టణములలో దినమునకు 72,368 మిలియను లీటర్ల మురుగు పుట్టుచుండగా, నిజముగా శుద్ధి యగుచుండినది 20,236 మిలియను లీటర్లు మాత్రమే. నాలుగింట మూడు పాళ్లకు కొంచెము తక్కువగా మురుగు ఉన్నదున్నట్లు ఏటిలోనో, చెరువులోనో, సముద్రములోనో కలియుచుండినదన్నమాట. ధనము లేక పని నిలిచిన సంఘమునకు పని నిలిచినందులకు జరిమానా! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అను సామెత మన పల్లెలలో ఊరకనే పుట్టలేదు.

ధనము బొత్తిగా రాలేదని చెప్పుట సత్యము కాదు. 2021-26 సంవత్సరములకు 15వ ఆర్థిక సంఘము స్థానిక సంస్థలకై 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. గ్రామములకు వచ్చు గ్రాంటులో నూటికి అరువది వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ముడిపెట్టబడినవి. 2021లో ఆరంభమైన రెండవ అమృత్ పథకమును, రెండవ స్వచ్ఛభారత్ పథకమును పట్టణముల మురుగునీటికి మూలధనము చూపినవి. సరస్సుల రక్షణకు ప్రత్యేకమైన కేంద్ర పథకమున రాష్ట్రము నూటికి 40 వంతులు భరించినచో కేంద్రము 60 వంతులిచ్చును. గంగానది శుద్ధికి మాత్రము 2015లో 20,000 కోట్ల రూపాయల కార్యక్రమమును కేంద్రము తానే భరింప బూనినది. గంగకు ఇచ్చిరని మాకు అసూయ లేదు. ఆమె అందరి తల్లి. కాని కొల్లేటి నీటిని నమ్ముకొన్న లంకలవారి బిడ్డలును ఈ దేశపు బిడ్డలే యని జ్ఞాపకము చేయుచున్నాము.

ఈ గ్రాంటులలో గల పెద్ద లోపము వేరొకటి. ఇవి ఎక్కువగా కట్టుటకే సొమ్మిచ్చును, నడుపుటకు ఇచ్చుట తక్కువ. శుద్ధిశాల యనునది సత్రమువలె ఒకమారు కట్టి శిలాఫలకము వేసి మరచునది కాదు. దానికి రేయింబవళ్లు విద్యుత్తు కావలెను, పనివారు కావలెను, పరీక్షలు కావలెను, అడుగున చేరు బురదను తీసివేయు ఏర్పాటు కావలెను. ప్రారంభోత్సవమునకు పూలదండలు తెచ్చినవారు మూడవ సంవత్సరమున విద్యుత్తు బిల్లు కట్టుటకు కానరారు. పంపు ఆగిననాడు మురుగు పాత కాలువనే పట్టును. ఊరివారికి తెలియదు, కొల్లేటికి తెలియును.

పూర్వము నీటి మాలిన్యమునకై ఒక పన్ను ఉండెడిది. 1974 నాటి చట్టముచేత ఏర్పడిన కాలుష్య నియంత్రణ మండలులకు నిధి సమకూర్చుటకై 1977లో నీటి సెస్సు చట్టము వచ్చినది. పరిశ్రమలును, స్థానిక సంస్థలును తాము వాడిన నీటిని బట్టి ఆ సెస్సు చెల్లించెడివి. ఆ సొమ్ము కేంద్రపు బొక్కసమున చేరి, అచ్చటినుండి మండలులకు పంచబడెడిది. ఇందు పురపాలక సంఘము చెల్లించునదే గాని పుచ్చుకొనునది కాదు. 2017లో కొత్త వస్తుసేవల పన్ను వచ్చిన సమయమున ఆ సెస్సును ఎత్తివేసిరి. నీటిని పాడుచేసిన లెక్కకు నీటినుండియే సొమ్ము రాబట్టు ఒక దారి అట్లు మూయబడినది. దానికి బదులు నీటికే అంకితమైన మరియొక దారి తెరువబడలేదు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన అన్యాయమును చెప్పెదము. నీరు పల్లమెరుగును, పద్దులు పొలిమేర నెరుగును. పట్టణపు మురుగు పట్టణపు సరిహద్దు దాటినంతనే పురపాలక సంఘపు లెక్కలలో పని పూర్తియైనట్లే. సరిహద్దునకు ఆవల, ఆ నీటిని అనుభవించు గ్రామ పంచాయతీకి ఇంటిపన్ను కొలదిపాటిది. వచ్చిన గ్రాంటుపైనను స్వేచ్ఛ తక్కువ. పాడుచేయువానికి బొక్కసమును, బాగుచేసికొనవలసినవానికి బీదతనమును కలిగిన ఈ ఏర్పాటులో కొల్లేరు శుభ్రపడునని ఆశించుట గాలిలో దీపము పెట్టుటయే.

దీనికి మందు రాజ్యాంగమునందే యున్నది. 243-జెడ్‌డి అధికరణము ప్రతి జిల్లాకును ఒక ప్రణాళికా సంఘ ముండవలెననియు, పంచాయతీలకును పురపాలక సంఘములకును ఉమ్మడియైన విషయములను, నీటి పంపకమును, పరిసరముల రక్షణను ఆ సంఘము తన ముసాయిదాలో చేర్చుకొనవలెననియు చెప్పుచున్నది. పట్టణమును పల్లెయు ఒకే బల్లచుట్టు కూర్చుండవలెనని రాజ్యాంగ నిర్మాతల తరువాతి తరమువారు వ్రాసిపెట్టిన మాట యిది. కొల్లేటి నీరు ఒక్క జిల్లాలో ఆగదు. కావున సంబంధించిన జిల్లాల సంఘములు కలిసి ఒక ఉమ్మడి బల్ల వేసికొనవలెను.

మేము కోరునది నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది: కొల్లేటి పరీవాహమునకు ఒక ప్రత్యేక నిధి యుండవలెను. అందులో రాష్ట్ర ప్రభుత్వము ఏటేట బడ్జెటులో చూపిన వాటా వేయవలెను. మురుగు పంపు ప్రతి పట్టణమును తాను పంపు పరిమాణమును బట్టి వేయవలెను. పరిశ్రమలును, పెద్ద చేపల చెరువుల యజమానులును అదే సూత్రము ననుసరింపవలెను. రెండవది: 1965 నాటి పురపాలక చట్టమునందే ఆస్తిపన్నులో మురుగునకు సంబంధించిన పన్నునకు చోటు కలదు. మురుగు పేరిట వసూలైన పైసను వేరు ఖాతాలో నుంచి, మురుగు ఊరు దాటువరకు గాక, నీరు శుభ్రపడువరకు వెచ్చింపవలెను. మూడవది: కొత్త శుద్ధిశాల మంజూరగునపుడే పదేండ్ల నిర్వహణపు ఖర్చు ఎచ్చటినుండి వచ్చునో కాగితముపై చూపవలెను, చూపనిచో శంకుస్థాపన చేయరాదు. చిన్న ఊళ్లకు యంత్రములకంటె తక్కువ ఖర్చుతో నడచు నిలువనీటి కుంటలును, తుంగ పెంచిన మడుగులును మేలు. నాలుగవది: కాలువ సరస్సులో కలియు ప్రతి చోటను నెలకొకమారు నీటిని పరీక్షించి, ఫలితమును తెలుగులో వార్డు కార్యాలయమునను, పంచాయతీ గోడమీదను, గ్రంథాలయమునను అంటింపవలెను.

పన్ను అనగానే ప్రజలు తిరుగబడుదురని అధికారులు భయపెట్టుదురు. చీరాల పేరాల చరిత్ర వారికి జ్ఞప్తికి వచ్చును కాబోలు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఆ ఊరివారు పురపాలక సంఘము వద్దని ఇండ్లు విడిచి వెలుపల పాకలు వేసికొని నివసించిరి. కాని వారు తిరుగబడినది తమ యిష్టములేక తమ నెత్తిన రుద్దిన భారముపైన. తాము ఎన్నుకొన్నవారు, తమ కండ్లయెదుట లెక్క చూపి, తమ బిడ్డలు త్రాగు నీటికై ఖర్చు పెట్టెదమన్నచో తెలుగువాడు కాదనునని మేము నమ్మము. గుడికి, బడికి, వంతెనకు చందాలిచ్చిన చేతులివి. ప్రజలు సహింపనిది పన్నును కాదు. లెక్క చూపని పన్నును.

బీదవానిపై భారము పడరాదనుట మాకును సమ్మతమే. గుడిసెవానికిని, పెద్ద హోటలు యజమానికిని ఒకే రేటు పెట్టుమని మేమనము. కాని నేడు పన్ను లేదనుకొని సంతసించు బీదవాడు నిజమునకు పన్ను కట్టుచునే యున్నాడని గ్రహింపవలెను. నీటిజబ్బులకు వైద్యునికిచ్చు రుసుము ఒక పన్ను. కొనుక్కొను నీటి డబ్బా ఒక పన్ను. చేప చచ్చినందున వల ఖాళీగా వచ్చిన దినపు కూలి ఒక పన్ను. ఈ పన్నులకు రశీదు లేదు, లెక్క లేదు, ఎన్నికయు లేదు.

బుడమేరు నిర్లక్ష్యమును ఎంతకాలము సహించునో 2024 సెప్టెంబరులో విజయవాడ చవిచూచినది. ఇండ్లలోనికి నీరు వచ్చిన పిమ్మట బుడమేటి పేరు ఊరందరి నోట పలికినది. వరద దిగిన పిదప ఆ పేరు మరల కాలువలోనే కలిసిపోరాదు. వరదగా వచ్చినపుడు ఏరు పగవాడు, ఎండినపుడు చెత్తకుండ అను వైఖరి మనవారు మానవలెను.

చదువరులారా! ఈసారి మీ వార్డు సభ్యుడు మీ వీధికి వచ్చినపుడు రోడ్డును గూర్చి, దీపమును గూర్చి అడుగుడు, తప్పక అడుగుడు. వానితోపాటు ఇంకొక్క ప్రశ్న వేయుడు: మా యింటి మురుగు ఎచ్చటికి పోవుచున్నది, దానిని శుభ్రము చేయుటకు ఈ యేటి బడ్జెటులో ఎంత వ్రాసితిరి, పోయినయేట వ్రాసినదానిలో ఎంత వెచ్చించితిరి? జవాబు రానిచో గ్రంథాలయమున పదిమందితో కలిసి అర్జీ వ్రాసి అడుగుడు. పట్టణమున ప్రశ్న పుట్టిననాడే లంకలో నీరు తేరును.