ఎంబీఏ రిపోర్టులో మన కోత కూలీ ఎక్కడ?

నా దగ్గర మూడో తరగతి చదివిన పిల్లగాడు ఎంబీఏ పాసయ్యాడు. ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి చూపించాడు. గట్టి అట్ట, బంగారు రంగు అక్షరాలు. లోపల ముంబయి కంపెనీలో ఉద్యోగుల సంతృప్తి గురించి వంద పేజీలు. "ముంబయి ఎప్పుడు పోయినవ్ రా?" అంటే నవ్వాడు. జిరాక్స్ షాపులో కొన్నాడట. కాలేజీలో ఎవరూ అడగలేదట.

వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. డిగ్రీ అయినప్పుడు "ఎంబీఏ మనకెందుకురా, బీఎడ్ చేసి డీఎస్సీ రాయి" అన్నది నేనే. డీఎడ్ చదివి బడిలో చేరినవాణ్ణి, నాకు తెలిసిన బాట అదొక్కటే. అది నా తప్పు. వ్యాపారం చదువు మనది కాదని మనమే అంటే, మన సరుకుకు ధర కట్టేవాడు ఎప్పుడూ బయటివాడే అవుతాడు.

ఐసెట్‌లో ఎస్టీలకు కనీస మార్కుల అడ్డు లేదు. 2022లో మన కోటా 6 నుంచి 10 శాతానికి పెరిగింది. తలుపు తెరిచారు, సరే. లోపల ఏం నేర్పుతున్నారు? "వీళ్లకు ఇంగ్లీషు రాదు, అందుకే ఉద్యోగాలు రావు" అనే పెద్దమనుషులారా, జిరాక్స్ షాపు రిపోర్టు మీద సంతకం పెట్టిన చేతికి ఇంగ్లీషు రాదా?

బోధన్ నిజాం షుగర్స్ 1937లో పుట్టింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మూతపడింది. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006 నుంచి ఉంది. అంటే మేనేజ్‌మెంటు చదివేవాళ్ల కళ్లముందే ఒక పెద్ద ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఇంతకంటే పాఠం ఏ అమెరికా పుస్తకంలో దొరుకుతుంది?

చెరుకు తోలిన 14 రోజుల్లో రైతుకు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి అని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. అది రైతు ధర లెక్క. మరి చెరుకు కొట్టిన మా అమ్మ కూలి ముఠా మేస్త్రీ దగ్గర ఎన్ని రోజులు ఆగేది? ముందు తీసుకున్న అడ్వాన్సులో ఎంత కోసుకునేవాడు? ఫ్యాక్టరీ మూతపడ్డాక కోత ముఠాలు ఎటు పోయాయి? ఇవన్నీ ఫైనాన్సు, హెచ్‌ఆర్ ప్రశ్నలే. బీడీ కార్ఖానాకు పోయే తునికాకు కట్ట లెక్క కూడా అంతే. ఆ ఆకు కోసేది మనవాళ్లే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఎంబీఏలో చేరండి. గైడు ముంబయి కంపెనీ పేరు చెబితే, "సార్, నేను బోధన్ మీద రాస్తా" అనండి. ఒప్పుకోకపోతే కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి. టీచర్లారా, మన దగ్గరా సరుకు ఉంది. కోతల కాలంలో ఏ పిల్లలు ఎన్ని రోజులు బడికి రాలేదో మన హాజరు పట్టీలు చెబుతాయి. అడిగిన పిల్లలకు అవి చూపిద్దాం.

ఆ పిల్లగాడి చెల్లెలు ఈ ఏడు ఐసెట్ రాస్తోంది. పాత పట్టీలు బీరువాలోంచి తీసి దుమ్ము దులిపి పెట్టాను.