పసిబిడ్డల రక్తపరీక్ష: జాగు తగదు

హెచ్.ఐ.వి. సోకిన తల్లికి బిడ్డ కలిగినప్పుడు, ‘బిడ్డ బాగుగనే యున్నాడు, తరువాత చూతము’ అనుట యనేక గృహములందు పరిపాటి. ఆ ‘తరువాత’ యను మాటయే పసిప్రాణములకు ముప్పని అనకాపల్లి జిల్లా గృహస్థులకును, వైద్యాధికారులకును మేము విన్నవింపగోరుచున్నాము.

తల్లి రక్తమునందలి ప్రతిరక్షకములు గర్భస్థశిశువునకు సంక్రమించి, జననానంతరము 18 మాసముల వఱకును నిలిచియుండవచ్చును. కావున పెద్దలకు చేయు సాధారణ పరీక్షలో వ్యాధి సోకని బిడ్డయు సోకినవానివలెనే కానవచ్చును. ఈ చిక్కును తీర్చునది వైరసునే నేరుగా కనుగొను పి.సి.ఆర్. పరీక్ష. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థవారు 2010 లో దీనిని శిశువులకై మన దేశమున ప్రవేశపెట్టిరి. 6 వారముల బిడ్డ మడమనుండి కొలది నెత్తుటిచుక్కలను తీసి, కార్డుపై ఆరనిచ్చి, ప్రయోగశాలకు పంపుదురు. మంచుపెట్టెతో పనిలేదు. అప్పుడు వ్యాధి లేదని తేలినను, తల్లిపాలు త్రాగు బిడ్డకు 18 మాసములు నిండువఱకు మరల మరల పరీక్షలు జరుగవలెను.

ఇంత తొందర యేల యని కొందఱు ప్రశ్నింపవచ్చును. చికిత్స లేనియెడల, వ్యాధి సోకిన శిశువులలో ఇంచుమించు సగము మంది రెండేండ్లు నిండకమునుపే మరణించుచున్నారని ఆఫ్రికాఖండపు పరిశీలనలు తెలుపుచున్నవి. లక్షణములకై వేచియుండక వెంటనే మందులు మొదలిడిన శిశువులలో మరణములు 76 శాతము తగ్గినవని, 2008 లో వెలువడిన దక్షిణాఫ్రికా పరిశోధన నిరూపించినది. పెనములోని పాకమును దింపవలసిన గడియ దాటిన పిమ్మట నెంతటి నేర్పరియు మంచి బెల్లము తీయలేడని యెఱిగిన అనకాపల్లి రైతునకు, వేళ విలువను మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన యాచారమువలననే కలుగు చిక్కొకటి కలదు. తొలి కాన్పు పుట్టింట జరుగును. తల్లి పేరు అత్తింటి యూరి ఆసుపత్రి పుస్తకమున నుండును. బిడ్డ నాతవరముననో, మాడుగులలోనో పెరుగుచుండును. ఆఱవ వారము వచ్చి గడచిపోవును. ఆ బిడ్డ తమ బాధ్యతయని యే యాసుపత్రివారును తలంపరు. 2022 ఏప్రిల్ 4 న విశాఖనుండి విడివడి వేఱు జిల్లాయైన అనకాపల్లి, తన బిడ్డల లెక్కను తానే చూచుకొనవలెను. గర్భవతిగా నున్నప్పుడే ఆమె పురిటికి పోవు గ్రామము నడిగి, అక్కడి వైద్యసిబ్బందికి రహస్యముగా బాధ్యత నొప్పగింపవలెను. ఆఱవ వారముననే బిడ్డకు పెంటావలెంట్ టీకా తొలి మోతాదు పడవలసియున్నది. ఆ పూటనే రక్తపు చుక్కలను గూడ తీయు నేర్పాటున్నచో, తల్లికి రెండవ ప్రయాణమును, ఇరుగుపొరుగువారి యనుమానమును తప్పును. ఫలితము బిడ్డ తల్లికి చేరువఱకు పని ముగిసినట్లు కాదు.

వ్యాధిగ్రస్తుల గుట్టును వారి సమ్మతిలేక బయలుపఱచుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. కాని చట్టమొక్కటియే తల్లి భయమును పోగొట్టజాలదు. భూస్వాములు తమ చేలలోను, బెల్లపు గానుగలకడను పనిచేయు బాలింతకు, కారణమడుగక, కూలి తగ్గింపక, ఆసుపత్రికి పోవుటకొక పూట సెలవీయవలెను. ఇంటి పెద్దలు పరువుపేర ఆమెను గడప దాటకుండ నాపరాదు.

చికిత్స లేనప్పుడు తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకు ప్రమాదము 15 మొదలు 45 శాతము వఱకు నుండును. తల్లి క్రమముగా మందులు వాడి, బిడ్డకు నియమిత కాలము మందిచ్చినచో నది 5 శాతమునకు లోబడును. కావున అట్టి గృహములలో నధికభాగమునకు ఈ పరీక్ష తెచ్చునది శుభవార్తయే. తక్కిన కొలదిమంది బిడ్డలకు నిది ప్రాణదానము. ఆఱవ వారము దాటనీయకుండుట ప్రభుత్వమునకును, ప్రజలకును సమానమైన విధి.